బరువు లేని రాకపోకలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ప్రవాస జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమని సొసైటీ పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము కువైట్‌లో పనిచేసినవాళ్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయితే కడప, రాయచోటి, రాజంపేట వైపు ఏ బడికి వెళ్లినా, అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉన్న పిల్లలు కనిపిస్తారు. వాళ్ల మొహాల్లో మేము చూసింది, వాళ్ల నానీలూ దాదీలూ మాతో చెప్పుకున్నదీ ఇక్కడ చెబుతాం. ఈ సభలోని దాతల్లో కొందరు అక్కడ చెమటోడ్చి సంపాదించినవారే. మరికొందరు అలాంటివారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు. అందుకని మీకు తెలిసిన కష్టాలనే ఏకరువు పెట్టం. ఒక్క రాకపోకల గురించే మాట్లాడతాం. పోయినవారు ఇంటికి రావడం, ఇక్కడివారు వాళ్లను చూడబోవడం, అక్కడ ఒకరికొకరు ఆతిథ్యమివ్వడం, ఈ మూడూ అందులోకే వస్తాయి.

బంధుత్వం నిలిచేది రాకపోకల మీదే. ఆ రాకపోకలను మనమే మోయలేనంత బరువు చేసుకున్నాం. ఆ బరువు వల్ల కొందరు రావడమే మానుకుంటున్నారు. ఈరోజు మా మాట ఇంతే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముందుగా, ఎవరు ఎవరిని చూడబోగలరో ఆలోచిద్దాం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకు అమ్మానాన్నలను ఆరు నెలలు పిలిపించుకుంటాడు. కువైట్‌లో అరబ్బు ఇంట్లో డ్రైవరుగా, వంటమనిషిగా ఉన్నవారికి ఆ వీలు లేదు. కొన్నాళ్లు ఆగిపోయిన కుటుంబ సందర్శన వీసాలను కువైట్ 2024 ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు పెట్టిన నిబంధన ప్రకారం తల్లిదండ్రులను, భార్యను, పిల్లలను పిలిపించుకోవాలంటే నెల జీతం 400 దీనార్లకు తగ్గకూడదని ఉండేది. ఇతర బంధువులకైతే 800 దీనార్లు ఉండాల్సి వచ్చేది. అదే దేశంలో 2016లో ఇంటి పనివారికి నిర్ణయించిన కనీస వేతనం 60 దీనార్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ నిబంధన ఉన్నప్పుడు ఇంటి పనికి పోయిన తల్లి తన బిడ్డను పది రోజులైనా అక్కడికి పిలిపించుకోలేకపోయేది. నిబంధనలు తర్వాత్తర్వాత మారుతుండవచ్చు. తక్కువ జీతగాళ్లకు మాత్రం ఇంటివారిని అక్కడికి పిలిపించుకోవడం తేలిక కాదు. అంటే మనవాళ్లలో ఎక్కువమందికి రాకపోకలంటే రాకే. వాళ్లు వస్తేనే కలుసుకోవడం, లేకపోతే లేదు.

పూర్వం ఈ దూరాన్ని ఉత్తరాలు పూడ్చేవి. ఉత్తరం రాయలేనివారు క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవారు. తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చాయి, ఆ తర్వాత ఇమో, వాట్సాప్ వచ్చాయి. ఇప్పుడు రోజూ మొహం కనబడుతుంది. అందుకే దూరం తగ్గిపోయిందనుకుంటాం. కానీ ఫోన్‌లో రోజూ ముద్దుపెట్టే మూడేళ్ల పిల్లాడు, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన అమ్మ చేతులు చాచితే నానీ కొంగు వెనక దాక్కుంటాడు. ఫోన్‌లో ఉన్న అమ్మే ఈమె అని వాడికి తెలియడానికి వారం పడుతుంది. ఆ వారం రోజులు ఎంత విలువైనవో ఆ తల్లికి తెలుసు.

ఇక అక్కడి ఆతిథ్యం సంగతి. కువైట్‌లో ఫర్వానియా, జలీబ్ లాంటి చోట్ల మనవాళ్లు ఒక గదిలో ఐదారుగురు కలిసి ఉంటారు. అద్దె పంచుకుంటారు, వంట వంతులు వేసుకుంటారు. శుక్రవారం సెలవు దొరికినవారు మాలియాలో కలుసుకుని ఊరి సంగతులు చెప్పుకుంటారు. కొత్తగా వచ్చినవాడికి పని కుదరకపోతే, మొదటి జీతం చేతికి వచ్చేదాకా గదిలోవాళ్లే అన్నం పెడతారు. ఇది ఎవరో చెబితే చేసేది కాదు. తాము వచ్చిన రోజున తమకు ఎవరో పెట్టారు గనుక పెడతారు. మన సమాజానికి ఇదొక గొప్ప ఆస్తి. దీన్ని ఏ లెక్కల పుస్తకంలోనూ రాయలేదు గానీ, మన సొసైటీ పంచే సాయానికి ఇది ఏమాత్రం తీసిపోదు.

కానీ ఆ గదికీ ఒక కొలత ఉంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో మంటలు చెలరేగి, 45 మంది భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. అల్లాహ్ ఆ కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించుగాక. ఆ తర్వాత అక్కడి అధికారులు కిక్కిరిసిన భవనాలపై తనిఖీలు పెంచారు. కాబట్టి గదిలో ఒక మనిషి ఎక్కువైతే పెరిగేది ఖర్చొక్కటే కాదు. అద్దె పేరు ఎవరి మీద ఉందో అతనికి చిక్కు, అందరికీ ప్రమాదం. ఇక్కడ కూర్చుని మనం మాత్రం, "ఫలానావాడు అక్కడే ఉన్నాడు కదా, పోయి వాని దగ్గర దిగు" అని తేలిగ్గా చెప్పి పంపేస్తాం. దిగబోయే సంగతి ఆ ఫలానావాడికి విమానం ఎక్కాక తెలుస్తుంది.

దీని గురించి మన ధర్మం చాలా స్పష్టంగా చెప్పింది. అతిథిని గౌరవించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మాట మనకందరికీ గుర్తుంటుంది. ఆ బోధనకు రెండో సగం కూడా ఉంది. ఆతిథ్యం మూడు రోజులు, ఆపైన చేసేది దానం కిందికి వస్తుంది, ఇంటివాడికి ఇబ్బంది కలిగేదాకా అతిథి తిష్ఠ వేయడం ధర్మసమ్మతం కాదు. మొదటి సగం ఇంటివాడి బాధ్యత, రెండోది వచ్చినవాడి బాధ్యత. మొదటి సగాన్ని ఎదుటివాడికి గుర్తుచేస్తూ, రెండో సగాన్ని మనం మరిచిపోతుంటాం.

ఉమ్రాకు పోయేటప్పుడూ ఇదే జరుగుతుంది. జిద్దాలో చిన్నాన్న కొడుకు ఉన్నాడనో, మేనల్లుడు ఉన్నాడనో తెలిస్తే సంతోషిస్తాం. అతను డ్యూటీ దిగి, సుమారు 80 కిలోమీటర్లు కారు నడుపుకుంటూ మక్కాకు వచ్చి, బిర్యానీ డబ్బా చేతిలో పెట్టి, సామాన్లు మోసి, మళ్లీ తెల్లవారి డ్యూటీకి పోతాడు. ఏడాదిలో ఒక్క కుటుంబానికైతే అది అతనికి పుణ్యమూ సంతోషమూ. రంజాన్ నెలలో వరుసగా ఎనిమిది కుటుంబాలు వస్తే అతని జీతం ఏమవుతుంది, అతని నిద్ర ఏమవుతుంది? అతను కాదనలేడు. కాదంటే ఊళ్లో మాట వస్తుంది.

ఈ బరువు ఒక్క ఇంటి మీద పడకూడదని మన పూర్వీకులు ఏనాడో గుర్తించారు. మక్కాలో నిజాం కాలం నాటి రుబాత్ ఉంది. పూర్వపు హైదరాబాద్ రాజ్యం జిల్లాల నుంచి వచ్చే యాత్రికుల్లో చీటీలు తీసి, పేరు వచ్చినవారికి అక్కడ ఉచితంగా వసతి ఇస్తారు. తెలంగాణ హాజీలకు ఇది బాగా తెలుసు. మన కడప సీమను నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు గనుక మనకు అందులో వాటా లేదు. వాటా లేకపోయినా పాఠం ఉంది. ఆతిథ్యాన్ని ఒక మనిషి జేబుకు వదిలేయకుండా వక్ఫ్‌గా మార్చారు. అందువల్ల తరాలు మారినా తలుపు తెరిచే ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన రాక, ఇంటికి రావడం గురించి చెబుతాం.

రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి రెండు నెలల సెలవు. ఆరు నెలల ముందు నుంచే పెట్టె కట్టడం మొదలు. తాడు బిగించిన అట్టపెట్టెలో నిడో పాలపొడి, టాంగ్, ఖర్జూరాలు, టైగర్ బామ్, సెంటు సీసాలు, జానమాజ్‌లు, పిల్లలకు చాక్లెట్లు, అల్లుడికి వాచీ. విమానంలో కిలోల లెక్క దాటితే అదనపు డబ్బు. ఇల్లు చేరేసరికి వాకిట్లో చుట్టాలు. "ఎట్లున్నావు?" అని అడిగేవాళ్లు కొందరు. "ఏం తెచ్చినావు?" అని అడిగేవాళ్లు ఎక్కువమంది.

ఉపాధ్యాయులం గనుక ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక మనిషి జీతం నెలకు 120 దీనార్లు అనుకుందాం. దీనారు 270 రూపాయల లెక్కన అది 32,400 రూపాయలు. చుట్టాల ఇళ్లు 40. ఇంటికి 1,500 రూపాయల చొప్పున సామాను తెచ్చినా 60,000 రూపాయలు. అంటే దాదాపు రెండు నెలల జీతం. రెండు నెలల సెలవు కోసం రెండు నెలల జీతం పంచిపెట్టాలి. టిక్కెట్టు ఖర్చు దీనికి అదనం. ఆ సెలవులో జీతం రాకపోతే ఆ నష్టం కూడా కలుపుకోవాలి. ఇంతా చేసి, నలభై ఒకటో ఇంటివారు అలిగితే ఆ అలకకు లెక్కే లేదు.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి తండ్రి నాలుగేళ్లు ఊరికి రాలేదు. మొదట్లో అకామా గొడవలేవో ఉన్నాయేమో అనుకున్నాం. నిజంగా అలా చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. 2018లోనూ, 2020లోనూ, 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గానీ కొందరికి ఇంటిదారి దొరకలేదు. ఈ తండ్రికి మాత్రం కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ అమ్మాయి దాదీ మాతో చెప్పిన మాట ఇది: "టిక్కెట్టుకు దుడ్లు ఉండాయంట, సామానుకు లేవంట. వట్టి చేతులతో ఎట్లా వచ్చేది అంటాడు." తండ్రి చేతులు వట్టివా నిండినవా అని ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదు. అడిగేది మనమే. మన అడగడం ఆ పిల్లకూ తండ్రికీ మధ్య నాలుగేళ్ల గోడ కట్టింది.

వచ్చిన తండ్రి అయినా ఎంత దొరుకుతాడు? అరవై రోజుల్లో నలభై రోజులు ఈ ఊరు, ఆ ఊరు. వలీమాలు, పరామర్శలు, అలిగినవారిని బుజ్జగించడాలు. పిల్లలను కూడా వెంట తిప్పుతారు. మా హాజరు పట్టీ చూస్తే ఏ పిల్లాడి నాన్న ఊళ్లో ఉన్నాడో తెలిసిపోతుంది, గడుల నిండా గైర్హాజరే. తిరిగి బడికొచ్చేసరికి నాన్నా వెళ్లిపోయి ఉంటాడు, పాఠమూ వెళ్లిపోయి ఉంటుంది. అందరినీ చూసిన ఆ తండ్రి తన బిడ్డ నోటుపుస్తకం మాత్రం చూడకుండానే విమానమెక్కుతాడు.

చుట్టరికాలు మానేయమంటున్నామని ఎవరూ అనుకోవద్దు. బంధుత్వాన్ని తెంపేవాడి గురించి ఎంత గట్టి హెచ్చరిక ఉందో మీకు మేము చెప్పనక్కర్లేదు. కానుక ఇచ్చిపుచ్చుకోవడం ప్రేమను పెంచుతుందన్న బోధనా ఉంది. అయితే పొరుగింటి నుంచి వచ్చిన కానుక మేక గిట్టంత చిన్నదైనా దాన్ని తక్కువగా చూడవద్దని కూడా ప్రవక్త (స) చెప్పారు. అది మరిచాం. ప్రయాణం ఒక యాతన అనీ, పని ముగిసిన మనిషి ఇంటివారి దగ్గరికి త్వరగా తిరిగి రావాలనీ బోధించారు. అదీ మరిచాం. ఇంటివారి దగ్గరికి త్వరగా రావాల్సిన మనిషిని మన ఆశలే దారిలో నిలబెడుతున్నాయి.

రాకకు ఎంత విలువుందో తలుపులు మూసుకున్నప్పుడు తెలిసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. అక్కడి భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా చేరుకుంటే, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలు దాదాపు 1,70,000 మందిని స్వదేశానికి చేర్చాయి. ఏళ్ల సంపాదన అక్కడే వదిలేసి, కట్టుబట్టలతో దిగినవారు ఎందరో. 2020లో కరోనా కాలంలో విమానాలు ఆగిపోయి, మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా జనం దిక్కుతోచకుండా ఉన్నారు. ఆ రెండు సందర్భాల్లోనూ దిగినవాళ్లను ఎవరూ "ఏం తెచ్చినావు?" అని అడగలేదు. మనిషి వచ్చాడు, అల్‌హమ్దులిల్లాహ్ అన్నారు. కష్టకాలంలో మన నోటికి వచ్చిన ఆ మాట మామూలు రోజుల్లో ఎందుకు రాకూడదు?

దాతలారా, ఇప్పుడు మీ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాం.

మొదటిది ఖర్చు లేనిది. పెట్టె ఆనవాయితీని పెద్ద ఇళ్లవారే మొదట మానాలి. కలిగినవారు మానితే లేనివారికి ధైర్యం వస్తుంది. మీ ఇంటికి గల్ఫ్ నుంచి ఎవరైనా వస్తుంటే, "నువ్వు రా, అదే చాలు. పిడికెడు ఖర్జూరాలు తెస్తే అందరం తలా ఒకటి తింటాం" అని ముందే ఫోన్ చేసి చెప్పండి. వచ్చాక అతన్ని నలభై ఇళ్లూ తిప్పకుండా, ఒకరోజు మీ ఇంట్లోనే చుట్టాలందరినీ పిలిచి భోజనం పెట్టండి. వచ్చినవాడే అతిథి, మనం ఇంటివాళ్లం. ఖర్చు మనది కావాలి.

రెండోది, ఉమ్రాకు గానీ సందర్శనకు గానీ పోయేవారు తమ బస తామే చూసుకుని పోవాలి. అక్కడి బంధువును ఒక్క పూట కలిసి దుఆ చేసి రావాలి. కొత్తగా పనికి పోయేవారిని పంపేటప్పుడు, దిగబోయే గదివారిని ముందుగా అడిగి, ఒక నెల తిండి ఖర్చు చేతికిచ్చి పంపాలి.

మూడోది, మన సొసైటీ ఒక ముసాఫిర్ నిధి పెట్టాలి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో పేర్కొంది. వాటిలో ఒకటి ఇబ్నుస్సబీల్, అంటే దారిలో ఉన్న బాటసారి. టిక్కెట్టు కొనలేక అక్కడ చిక్కినవారికి ఈ నిధి టిక్కెట్టు కొనివ్వాలి. మనవాళ్లలో చాలామంది చెన్నై మీదుగా పోతారు, వస్తారు. అర్ధరాత్రి దిగిన ఒంటరి ఆడకూతురు తెల్లవారేదాకా నిశ్చింతగా తల వాల్చడానికి అక్కడ రెండు గదులు అద్దెకు తీసుకుంటే చాలు. ఇందులో జకాత్ సొమ్ము ఎంతవరకు వాడవచ్చో ఉలమాలను అడిగి తేల్చుకుందాం. మిగిలినది సదఖాతో నడుపుదాం. మన స్తోమతకు తగిన రుబాత్ ఇది.

ఈ నిధి చూసేవారే పోయేవాళ్లకు రెండు విషయాలు చెప్పి పంపాలి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికో సెలవు రోజు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కూడా అందులో ఉంది. ఇది తెలియకపోతే అడిగే నోరుండదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు వస్తాయి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ఆ కాగితం నకలు ఇంట్లో కూడా ఉండాలి. కట్టినవాడు పోయాక, కట్టిన సంగతి ఇంట్లో తెలియక ఆ కాగితం వృథా కాకూడదు.

నాలుగోది మాకు సంబంధించినది. సెలవులో వచ్చిన అమ్మానాన్నలు ఏ రోజైనా బడికి రావచ్చు. తల్లిదండ్రుల సమావేశం తేదీ కోసం ఆగనక్కర్లేదు. వచ్చిన మొదటి వారంలోనే రండి, బిడ్డ నోటుపుస్తకం తిరగేయండి, పక్కన కూర్చోండి. ఆ గంట కేటాయించే బాధ్యత మాది. ఊళ్లు తిరిగేది ఆదివారాలకూ సెలవులకూ పెట్టుకోండి. తండ్రి ఒక్క సాయంత్రం పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పించుకుంటే, ఆ పిల్లాడు రెండేళ్లు ఆ ముచ్చట చెప్పుకుంటాడు. ఏ చాక్లెట్ డబ్బా గురించీ అన్నాళ్లు చెప్పుకోగా మేము వినలేదు.

సోదర సోదరీమణులారా, మన ఊళ్లలో ఇళ్లు, మసీదులు, పెళ్లిళ్లు, చివరికి ఈ సొసైటీ జమాఖర్చులు కూడా కొంతవరకు ఎడారిలో కార్చిన చెమటతో నిలబడ్డాయి. ఆ చెమటకు మనం చెల్లించగలిగింది ఒకటుంది. ఇంటికి వచ్చే దారి వాళ్లకు తేలిక చేయడం. వాళ్లు ఏం తెచ్చారో చూడకుండా, వచ్చినందుకు సంతోషించడం.

దూరాన ఉన్న మనవాళ్లందరినీ అల్లాహ్ కాపాడుగాక. వాళ్లను క్షేమంగా, తేలికైన మనసులతో ఇంటికి చేర్చుగాక. వాళ్ల పిల్లలకు విద్యనూ మంచి నడవడినీ ప్రసాదించుగాక. మీరిచ్చే ప్రతి రూపాయినీ స్వీకరించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.